కాలినడకన, కనూలో ఆఫ్రికా అడవి: జాంబియా ట్రిప్ మొదట్నుంచి చివరిదాకా

ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది మసాయి మారా. ఒక జీపు, దాని చుట్టూ ఇంకో పది జీపులు, మధ్యలో ఎవర్నీ పట్టించుకోకుండా నిద్రపోతున్న సింహం. నేనూ మొదటిసారి అదే చేశా, బాగానే ఉంది. కానీ తర్వాత జాంబియా వెళ్ళి, కాళ్ళతో నడుచుకుంటూ ఏనుగుల మందకి ఎదురుగా నిలబడి, ఇంకో నాలుగు రోజులయ్యాక దోనె లాంటి కనూలో తెడ్డేసుకుంటూ నీటిగుర్రాల పక్కనుంచి పోయాక, ఇంక జీపు ఎక్కబుద్ధి కాలేదు. అప్పట్నుంచి తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు "ఎలా వెళ్ళారు, ఎంతయింది, భయం వెయ్యలేదా" అని అడుగుతూనే ఉన్నారు, ప్రతిసారీ ఫోన్లో గంట చెప్పలేక మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

ముందే ఒక మాట. నడక సఫారీలో జంతువులు తక్కువ కనిపిస్తాయి. జీపుని చూసి సింహం లేవదు, మనిషిని చూస్తే లేచి పోతుంది. కాబట్టి లిస్టు పెట్టుకుని టిక్కులు కొట్టుకునేవాళ్ళకి ఇది పడదు. ఇంకోటి, ఈ ట్రిప్ మొత్తం నిలబడేది గైడ్ మీద. గది మీద కాదు, స్విమ్మింగ్ పూల్ మీద కాదు. డబ్బులు ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా గైడ్ వైపే మొగ్గండి, కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెప్తున్నా.

స్టెప్ 1: చోటు తేల్చుకోండి (రెండు చాలు)

ఒక్క ట్రిప్ లో నాలుగు దేశాలు చుట్టేద్దామనే ఆశ మనకి ఎక్కువ. వద్దు. రెండు నదులు పెట్టుకోండి, నడకకి లువాంగ్వా, కనూకి జాంబేజీ. రెండూ జాంబియాలోనే, లువాంగ్వా చివరికి వెళ్ళి కలిసేది జాంబేజీలోనే.

లువాంగ్వా ఎందుకంటే నడక సఫారీ అనేదానికి పుట్టిల్లు అదే. నార్మన్ కార్ అనే ఆయన 1950లో అక్కడి న్సెఫూ అనే తెగ పెద్దతో మాట్లాడుకుని టూరిస్టుల కోసం క్యాంపు పెట్టాడు, వచ్చిన డబ్బులో ఊరికి వాటా. ఆ రోజుల్లో అడవికి వెళ్ళేది వేటకే, తుపాకీ పట్టుకుని చంపడానికి కాకుండా చూడ్డానికి నడిపించడం అప్పటికి వింత. ఇప్పుడు సౌత్ లువాంగ్వా నేషనల్ పార్క్ సుమారు 9,050 చదరపు కిలోమీటర్లు. చిరుతపులులకి పెట్టింది పేరు, పైగా రాత్రి జీపు సఫారీకి పర్మిషన్ ఉంటుంది, చాలా దేశాల పార్కుల్లో ఇది ఉండదు. థోర్నిక్రాఫ్ట్ జిరాఫీ అనే రకం ఈ లోయలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో కనపడదు. ఖడ్గమృగం మాత్రం ఆశపడకండి, వేటగాళ్ళు తుడిచిపెట్టేశారు, పైన నార్త్ లువాంగ్వాలో 2003 నుంచి మళ్ళీ తెచ్చి పెంచుతున్నారు.

జాంబేజీ వైపు లోయర్ జాంబేజీ నేషనల్ పార్క్, ఇది 1983లో పార్క్ అయింది, దాదాపు 4,000 చదరపు కిలోమీటర్లు. నది అవతలి ఒడ్డు జింబాబ్వే, అక్కడున్నది మానా పూల్స్, 1984 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. పేరు చూసి "మన" పూల్స్ అనుకున్నాడు మా బావమరిది, షోనా భాషలో మానా అంటే నాలుగు, అక్కడ ఎండాకాలంలో కూడా ఎండని నాలుగు మడుగులున్నాయి, అదీ సంగతి. లువాంగ్వా ఎండాకాలంలో చిక్కిపోయి ఇసుక తేలుతుంది కాబట్టి అప్పుడు అందులో పడవ నడవదు. జాంబేజీ ఏడాది పొడుగునా నిండుగా పారుతుంది, పైన 1959లో కట్టిన కరీబా డ్యామ్ ఉంది కదా. అందుకే నడక అక్కడ, తెడ్డు ఇక్కడ.

ఎన్ని రాత్రులంటే లువాంగ్వాలో 5, జాంబేజీలో 3 లేదా 4. ఆఫ్రికా అడవి ఇదే మొదటిసారి అయితే మొదటి రెండు రోజులు జీపులోనే తిరగండి. సింహాన్ని ముందు దర్జాగా కూర్చుని చూసేస్తే ఆ యావ తీరిపోతుంది, తర్వాత నడకలో చీమల్ని కూడా మనసు పెట్టి చూస్తారు.

స్టెప్ 2: నెల

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు, మనకి ఎండాకాలం సెలవులు కదా అని ఏప్రిల్ లో వెళ్దామంటారు. అక్కడ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు, మట్టిరోడ్లు మునిగిపోతాయి, అడవి లోపలి నడక క్యాంపులు చాలావరకు మూసేస్తారు. ఫిబ్రవరి, మార్చి లో లువాంగ్వా పొంగినప్పుడు మాత్రం చెట్ల మధ్య మోటారు పడవలో తిప్పుతారు, అదో అందం, కానీ మొదటి ట్రిప్ కి కాదు.

జూన్ నుంచి అక్టోబర్ వరకు నడక. జూన్, జూలై లో పొద్దున్నే వణికిస్తుంది, ఓపెన్ జీపులో అయితే మంకీ క్యాప్ పెట్టుకున్నా సిగ్గుపడక్కర్లేదు. ఆగస్టు, సెప్టెంబర్ అన్నిటికంటే మంచివి అని నా ఓటు. నీళ్ళు తగ్గి జంతువులన్నీ నది ఒడ్డుకే చేరతాయి, గడ్డి ఎండిపోయి దూరం వరకు కనిపిస్తుంది, నడకలో దూరం కనిపించడమే మనకి రక్ష. పైగా ఆగస్టు చివర్నుంచి కార్మైన్ బీ ఈటర్లనే ఎర్రటి పిట్టలు వందలకొద్దీ వచ్చి నది ఒడ్డు మట్టిగోడల్లో బొరియలు తవ్వుకుని గూళ్ళు పెడతాయి. కుంకుమ ఆరబోసినట్టు ఉంటుంది ఒడ్డంతా. అక్టోబర్ లో జంతువులు ఇంకా ఎక్కువే కానీ ఎండ 40 డిగ్రీలకి పోతుంది, రామగుండం మే నెల తెలిసినవాళ్ళు తట్టుకుంటారేమో. దానికి తోడు మోపేన్ తేనెటీగలని బుల్లి ఈగలంత ఉంటాయి, కుట్టవు, కానీ చెమట కోసం కళ్ళలో దూరతాయి, కుట్టినా బావుండేదేమో అనిపిస్తుంది.

స్టెప్ 3: క్యాంపు బుక్ చెయ్యడం, ఏం అడగాలి

ఖర్చు దాచక్కర్లేదు, ఇది చవక ట్రిప్ కాదు. అడవి లోపలి చిన్న క్యాంపుల్లో ఒక్కో మనిషికి రాత్రికి 500 డాలర్ల పైనే మొదలవుతుంది, తిండి, సఫారీలు అన్నీ అందులోనే అయినా సరే. డబ్బు మిగుల్చుకోవాలంటే పార్క్ గేటు బయట మ్ఫూవే ఊరి పక్కన నది ఒడ్డునే మామూలు షాలేలు (చిన్న కాటేజీలు), టెంటు వేసుకునే క్యాంపు సైట్లు ఉన్నాయి. అక్కడ ఉండి రోజూ విడిగా డబ్బు కట్టి జీపు, నడక తీసుకోవచ్చు. గది దగ్గర మిగుల్చుకుని మంచి గైడ్ తో రెండు నడకలు ఎక్కువ వెయ్యండి.

మెయిల్ లో ఇవి అడగండి: నడక గ్రూపులో ఎంతమంది (ఆరేడుగురు దాటకూడదు), తుపాకీతో వచ్చే స్కౌట్ కాకుండా విడిగా వాకింగ్ గైడ్ ఉంటారా, ఆ గైడ్ ఎన్నేళ్ళుగా అదే అడవిలో నడుస్తున్నారు. మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే ఆ క్యాంపు వదిలెయ్యండి. స్కౌట్ పార్క్ మనిషి, ఆయన పని కాపలా. చుట్టూ ఉన్నదాన్ని మనకి చదివి చెప్పేది గైడ్. ఈ ఇద్దరూ లేకుండా సౌత్ లువాంగ్వాలో నడక లేదు.

పిల్లలకి 12 ఏళ్ళు నిండకపోతే నడకకి సాధారణంగా రానివ్వరు, కనూకి కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ అడుగుతారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలనుంటే మానుకోవక్కర్లేదు, వాళ్ళకి జీపు, మోటారు పడవ పెట్టించండి, పొద్దున నడక మీరు వెళ్ళి రండి.

స్టెప్ 4: కాగితాలు, సూదులు, మాత్రలు

వీసా రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనేముందు జాంబియా ఇమిగ్రేషన్ సైట్ లో మన పాస్ పోర్ట్ కి ఏం కావాలో చూసుకోండి. జింబాబ్వే ఒడ్డు కూడా తొక్కుతారా అనేది ముందే తేల్చుకుంటే మంచిది, వీసా దాన్నిబట్టి ఉంటుంది.

విమానం ఎక్కువమంది దుబాయ్ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో జాంబియా రాజధాని లుసాకా వెళ్తారు. ఇక్కడే యెల్లో ఫీవర్ కార్డు తలనొప్పి. ఇథియోపియా, కెన్యా లాంటి దేశాల మీదుగా తిరిగొచ్చేవాళ్ళని మన ఎయిర్ పోర్ట్ లోనే ఆపి ఆ కార్డు అడుగుతారు, లేకపోతే 6 రోజులదాకా క్వారంటైన్. "నేను ఎయిర్ పోర్ట్ దాటలేదండీ" అని వాదించుకోవడం కంటే సూది వేయించుకోవడం సుఖం. హైదరాబాద్ లో నారాయణగూడ ఐపీఎం లో వేస్తారు. వేశాక 10 రోజులకి గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. అంటే ప్రయాణానికి ముందు వారం పరిగెత్తితే లాభం లేదు, నెల ముందే వేయించుకోండి.

మలేరియా మాత్రలు తప్పనిసరి. అక్కడ క్లోరోక్విన్ పనిచెయ్యదు. అటోవాక్వోన్ ప్రోగ్వానిల్ అయితే వెళ్ళే ముందు ఒకట్రెండు రోజుల నుంచి, వచ్చాక 7 రోజులదాకా. డాక్సీసైక్లిన్ చవక కానీ వచ్చాక 4 వారాలు మింగాలి, పైగా ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది. ఏది మీకు సరిపోతుందో డాక్టర్ చెప్పాలి, మొదటిది మన మెడికల్ షాపుల్లో అడిగిన వెంటనే దొరకదు కాబట్టి ముందే ఆర్డర్ పెట్టించుకోండి. మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్ లోనే, ఆ ఊరివాళ్ళం అయ్యుండి దోమతెర వేసుకోకుండా పడుకుంటే ఏం బావుంటుంది.

ఇన్సూరెన్స్ లో విమానంలో ఆసుపత్రికి తరలించే కవర్ ఉందో లేదో చూడండి, ఉందని ఏజెంట్ చెప్తే కాదు, పాలసీ కాగితంలో కనిపించాలి. క్యాంపు నుంచి పెద్దాసుపత్రికి రోడ్డు మీద వెళ్ళాలంటే రోజు గడిచిపోతుంది.

స్టెప్ 5: బ్యాగు

నేను చేసిన తప్పు ఇది. గట్టి పెట్టె, చక్రాల సూట్ కేసు తీసుకుని చిన్న విమానం దగ్గరికెళ్ళా, కౌంటర్ లో అబ్బాయి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి "ఇది పట్టదు సార్" అన్నాడు. ఆ విమానాల డిక్కీ మన ఆటో వెనకాల ఖాళీ అంత ఉంటుంది, మెత్తటి బ్యాగు అయితేనే కుక్కగలరు, బరువు చాలావాటిలో 15 కిలోలే. ఆ సూట్ కేసు అక్కడే వదిలేసి, బట్టలన్నీ ఎయిర్ పోర్ట్ లో కొన్న రెండు గుడ్డ సంచుల్లో కట్టుకుని, ఊళ్ళో పెళ్ళికి వెళ్తున్నట్టు ఎక్కాను.

బట్టలు ఖాకీ, మట్టిరంగు, ఆలివ్. తెలుపు దూరానికి మెరుస్తుంది. ముదురు నీలం, నలుపు అసలొద్దు, కుట్టే సెట్సీ ఈగలకి ఆ రంగులంటే ప్రాణం, వాటిని పట్టడానికి అడవిలో వేలాడదీసే ఉచ్చు గుడ్డలు కూడా నీలం, నలుపే. జీన్స్ వేసుకుని వెళ్ళినవాడిని గుర్తుపట్టడం తేలిక, తొడలు కొట్టుకుంటూ ఉంటాడు. ప్యాంటు నిండుగా ఉండాలి, ఎందుకంటే మన దూలగొండి అక్కడా ఉంది, అదే తీగ, అదే నూగు, అదే దురద. వాళ్ళు బఫెలో బీన్ అంటారు.

బూట్లు కొత్తవి వద్దు, రెండు నెలలు వాడి మెత్తబడినవి. అడుగు మందంగా ఉండాలి, ముళ్ళు అలాంటివి. బైనాక్యులర్స్ మనిషికొకటి, భార్యాభర్తలు ఒకటి పంచుకుంటే గొడవే. 8×42 తీసుకోండి, మొదటి అంకె ఎన్నిరెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. పదిరెట్లవి బావుంటాయనుకుంటాం, కనూలో చెయ్యి వణికితే ఏమీ ఆనదు. టోపీ, సన్ స్క్రీన్, లీటరు నీళ్ళ బాటిల్, హెడ్ లైట్, చిన్న డాలర్ నోట్లు (కొత్తవి, చిరుగు లేనివి, పాతవి తీసుకోరు). ప్లగ్గు ఇంగ్లండ్ రకం మూడు పలకల పిన్నులది.

సెంటు, వాసన నూనెలు ఇంట్లో పెట్టి రండి. ఎందుకో నడకలో తెలుస్తుంది.

స్టెప్ 6: అక్కడికి చేరడం

లుసాకా నుంచి మ్ఫూవేకి విమానం గంట పైచిలుకు. బస్సు కూడా ఉంది, చిపాటా మీదుగా 700 కిలోమీటర్ల దాకా, ఒక రోజు పోతుంది, టైం ఉన్న కుర్రాళ్ళకి ఓకే. మ్ఫూవే నుంచి లోయర్ జాంబేజీకి మళ్ళీ చిన్న విమానం, గడ్డి మీదో మట్టి మీదో దిగుతుంది, దిగేముందు ఒక చుట్టు తిరిగి రన్ వే మీద ఏనుగులున్నాయేమో చూసుకుంటాడు పైలట్.

పలకరింపు నేర్చుకోండి, న్యాంజా భాషలో "ములి బ్వాంజీ" అంటే ఎలా ఉన్నారు, "జికోమో" అంటే థాంక్స్. ఇంతమాత్రం చాలు, మొహాలు వెలిగిపోతాయి. పలకరించకుండా నేరుగా పని చెప్పడం అక్కడ మర్యాద కాదు.

స్టెప్ 7: నడక

పొద్దున అయిదుంటికి గుడారం బయట "ములి బ్వాంజీ" అని వినిపిస్తుంది, టీ తాగి ఆరింటికల్లా బయల్దేరాలి. వరుస ఇదీ: ముందు తుపాకీతో స్కౌట్, వెనక గైడ్, వెనక మనం ఒకళ్ళ వెనక ఒకళ్ళం, చివర టీ సామాను మోసే మనిషి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడవడం కుదరదు. బయల్దేరే ముందు గైడ్ చేతి సైగలు చెప్తారు, ఆగు, కూర్చో, వెనక్కి, దగ్గరికి రండి. అవి ఫోన్ చూస్తూ వినకండి. అన్నిటికంటే ముఖ్యమైన రూలు ఒక్కటే, ఏం జరిగినా పరిగెత్తకూడదు. గైడ్ పరిగెత్తమంటే తప్ప.

నడక కష్టమేం కాదు, మూడు నాలుగు గంటలు, నేల చదును, మెల్లగా. కష్టం ఎక్కడంటే నది పక్కన నల్లరేగడి. వానాకాలంలో ఏనుగులు నడిచిన గుంటలు ఎండిపోయి రాయిలా గట్టిపడి ఉంటాయి, ఒక్కోటి పాయసం గిన్నె అంత, పైన గడ్డి కప్పి ఉంటుంది, చీలమండ మెలితిరగడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. నాలాంటి బద్ధకస్తులు నెల ముందునుంచి రోజూ గంట నడిస్తే సరిపోతుంది, ట్రెడ్ మిల్ మీద కాదు, ఎగుడుదిగుడు నేల మీద.

మా గైడ్ జేబులోంచి పాత సాక్సు ఒకటి తీశాడు, అందులో పొయ్యి బూడిద. నాలుగడుగులకోసారి దాన్ని ఇలా దులుపుతాడు, బూడిద ఎటు ఎగిరితే గాలి అటు. గాలి మన మొహం మీదకి కొడుతున్నంతసేపు ముందున్న జంతువుకి మన వాసన అందదు. ఒకచోట ఏడు ఏనుగులు, పిల్లలతో, నలభై మీటర్లు ఉంటుందేమో. మేం పెద్ద పుట్ట చాటున కూర్చున్నాం. కొమ్మ విరిచిన చప్పుడు, ఆకు నమిలిన చప్పుడు, కడుపులో గుడగుడ కూడా వినపడుతోంది. గైడ్ సాక్సు దులిపాడు, బూడిద ఇందాకటిదాకా మా వెనక్కి పోయేది కాస్తా ఇప్పుడు వాటివైపు పోయింది. రెండు క్షణాలు. పెద్ద ఆడ ఏనుగు నమలడం ఆపేసింది, తొండం పైకెత్తి ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంచి మావైపు పెట్టింది. గైడ్ మాట్లాడలేదు, అరచేయి వెనక్కి ఊపాడంతే, మేం వంగి వంగి వెనక్కి వచ్చేశాం. నా షర్టుకి ఆ పొద్దున కొట్టుకున్న డియోడరెంట్ వాసన నాకే కొట్టింది అప్పుడు. ఆయన ఏమీ అనలేదు, నాకే సిగ్గేసింది.

జంతువు ఎదురైతే ఏం చెయ్యాలో గైడే చెప్తారు, అయినా తెలిసుంటే కాళ్ళు వణకవు. ఏనుగు చెవులు విప్పి ఘీంకరించి దుమ్ము లేపితే చాలాసార్లు అది బెదిరింపే, కదలకుండా నిలబడాలి. చెవులు వెనక్కి, తొండం లోపలికి ముడిచి, చప్పుడు లేకుండా వస్తే అది వేరే కథ. సింహానికి వీపు చూపించకూడదు. ఒంటరి ముసలి మగ దున్నలు అన్నిటికంటే చిరాకువి, బురదలో పడుకుని ఉంటాయి, అవి ఉన్నాయని ముందు చెప్పేది ఆక్స్ పెకర్ పిట్టలు. పొద నుంచి ఆ పిట్టలు బుసకొట్టినట్టు అరుస్తూ లేస్తే గైడ్ అక్కడే ఆగిపోతారు. పొద్దెక్కాక ఒడ్డు మీద ఉన్న నీటిగుర్రానికీ నీళ్ళకీ మధ్య దారిలో నిలబడకూడదు, దానికి ఆ నీళ్ళే ఇల్లు.

కానీ నిజం చెప్పాలంటే నడకలో ఇలాంటివి పావుభాగం కూడా ఉండవు, మిగతాదంతా నేలమీద అక్షరాలు చదవడమే. చిరుత పాదంలో గోళ్ళ గుర్తులుండవు, లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి. దుమ్ములగొండి (హైనా) పాదంలో గోళ్ళు పడతాయి. దాని పేడ ఎండితే సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది, తినేది ఎముకలు కదా, మనవాళ్ళు దానికి దుమ్ములగొండి అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఏనుగు ముందుకాలి గుర్తు గుండ్రంగా ఉంటుంది, వెనకది కోలగా, ముందుకాలి గుర్తు చుట్టుకొలత తాడుతో కొలిచి రెండింతలు చేస్తే అది భుజం దగ్గర ఎంత ఎత్తో ఉజ్జాయింపుగా వచ్చేస్తుంది. మేం కొలిచాం, గైడ్ నవ్వుతూ తాడిచ్చాడు.

చెట్లు చూస్తే మనూరే. చింతచెట్టు నిండా ఉంది లువాంగ్వా పొడుగునా, శాస్త్రం పేరులో ఇండికా ఉందిగానీ అసలు పుట్టింది ఆఫ్రికాలోనే. కోతులు చింతకాయలు తింటుంటే నాకు నోరూరింది. నల్లటి ఎబొనీ చెట్లు మన బీడీ ఆకుల తునికి చెట్టుకి దాయాదులు. బావోబాబ్ అయితే గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న హతియాఁ కా ఝాడ్ చూసినవాళ్ళకి కొత్తేం కాదు, అక్కడ అలాంటివి దారి పొడుగునా నిలబడి ఉంటాయి.

మధ్యలో ఒక నీడ చూసి ఆపి, వెనక మనిషి మోసుకొచ్చిన ఫ్లాస్కు తీసి టీ, కేకు ఇస్తారు. అడవి మధ్యలో నేల మీద కూర్చుని టీ తాగడం. దీనికోసమైనా వెళ్ళొచ్చు.

స్టెప్ 8: కనూ

ఈత రాదు, వెళ్ళొచ్చా అని అడుగుతారు. వెళ్ళొచ్చు, కానీ లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకునే వెళ్ళాలి. 2019 కచ్చులూరు తర్వాత గోదావరి వాళ్ళకి ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు. ముందు గైడ్ కనూ, వెనక వరుసగా మనవి, ఒక్కోదాంట్లో ఇద్దరు. ప్రవాహం వెంబడే పోతాం కాబట్టి తెడ్డు పని సగం తిప్పడానికే. వెనక కూర్చున్నవాళ్ళే దిశ మార్చేది, కాబట్టి ఎవరు వెనక అనేది ఒడ్డు మీదే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు.

"బావా, ఎటు వేస్తున్నావ్, కుడికి కదా వెయ్యమంది!"

"నేను కుడికే వేస్తున్నా, నువ్వు ఊరికే ఉండరా ముందు!"

అలా గుండ్రంగా తిరుగుతూ ఉంటే ఎదురుగా నల్లటి బండలు కనపడ్డాయి, పద్నాలుగు. మావాడు లెక్కపెట్టాడు, లెక్కపెడుతుండగానే రెండు బండలు చెవులు టపటపలాడించాయి.

నీటిగుర్రం లెక్క ఇలా ఉంటుంది. చర్మం ఎండకి తట్టుకోదు కాబట్టి పగలంతా నీళ్ళలో, రాత్రి గడ్డికి ఒడ్డెక్కుతుంది. భయపడితే లోతుకి పోతుంది. కాబట్టి లోతు దానికి వదిలేసి మనం ఒడ్డువారగా, తెడ్డు నేలకి తగిలేంత తక్కువ లోతు నీళ్ళలో పోవాలి. దానికీ లోతుకీ మధ్యలో దూరితే మనమే తప్పుచేసినట్టు. గైడ్ తెడ్డుతో కనూ అంచు మీద టక్ టక్ మని కొడుతూ పోతాడు, మునిగి ఉన్నవి తలలు పైకెత్తి మేం ఎక్కడున్నామో చూసుకోవాలని. తలలన్నీ కనపడేదాకా ఆగి, అప్పుడు పోతాం. మాకు అలా ఒకచోట పావుగంట పట్టింది, తొందరపెట్టే గైడ్ అయితే నేను దిగిపోయేవాడిని.

చేతులు నీళ్ళలో పెట్టొద్దు, వేళ్ళు కూడా. ఒడ్డున ఎండకి పడుకున్న మొసలి మనల్ని చూసి జారి నీళ్ళలోకి దిగితే అది పారిపోవడమే, అలాగని చెయ్యి పెట్టి పరీక్షించక్కర్లేదు. బోల్తా పడితే ఏం చెయ్యాలో బయల్దేరేముందు చెప్తారు, చెప్పకపోతే మీరే అడగండి. మధ్యాహ్నం గాలి లేస్తే ఎదురు తెడ్డు వెయ్యడం నరకం, పొద్దున ట్రిప్ పెట్టుకోండి. మొదటిసారికి క్యాంపు నుంచి రెండు మూడు గంటలది చాలు, నచ్చితే తర్వాత మూడు నాలుగు రోజులు నది పొడుగునా ఒడ్డున గుడారాలేసుకుంటూ పోయేవి ఉన్నాయి.

దీనికి కూలీ ఏంటంటే ఏనుగులు. తొండం మాత్రం పైకి పెట్టి నది ఈదుకుంటూ లంకల మీదకి వెళ్తాయి. ఒడ్డున ఉండేవి మన తుమ్మకి చుట్టాలైన చెట్లు, వాటి పద్ధతి తిరకాసు, వానాకాలంలో ఆకు రాల్చి ఎండాకాలంలో పచ్చగా ఉంటాయి, కాయలు కూడా అప్పుడే రాలుస్తాయి. మిగతా అడవి ఎండిపోయినప్పుడు ఏనుగులకి అదే అన్నం. మానా పూల్స్ వైపు కొన్ని ఏనుగులు వెనక కాళ్ళ మీద నిలబడి మరీ కొమ్మలు అందుకుంటాయి.

స్టెప్ 9: క్యాంపులో రాత్రి, తిండి

కంచె ఉండదు. చీకటి పడ్డాక గుడారానికి ఒంటరిగా నడవకూడదు, టార్చితో ఎవరో ఒకరు వచ్చి దింపుతారు. రాత్రి గడ్డి పీకుతున్న చప్పుడు తల పక్కనే వినపడితే అది నీటిగుర్రం, గుడ్డ గోడ చాలు, జిప్పు తియ్యకండి. గుడారంలో పళ్ళు పెట్టుకోవద్దు, బబూన్లు, ఏనుగులు వాసన పట్టేస్తాయి. మ్ఫూవే లాడ్జ్ లో అయితే వానలు మొదలయ్యే వేళకి ఏనుగులు వెనకున్న అడవి మామిడి చెట్టు కోసం రిసెప్షన్ మెట్లెక్కి లోపలినుంచే నడిచి వెళ్తాయి, మామిడికాయ కోసం ఎంత దూరమైనా పోవడం మనకీ అర్థమయ్యే విషయమే.

శాకాహారులు బుక్ చేసేటప్పుడే రాసి చెప్పాలి, గుడ్డు తింటారా లేదా కూడా. చెప్తే బాగా చేస్తారు. న్షీమా అడిగి తినండి, మొక్కజొన్న పిండి సంకటి, చేత్తో ఉండ చేసి గుమ్మడాకు వేరుశనగపొడి కూరలో అద్దుకుని తినేది. రాగిసంకటి తిన్న రాయలసీమ వాళ్ళకి పరాయి దేశంలో ఉన్నట్టే ఉండదు. నేను తీసుకెళ్ళిన ఆవకాయ వంటాయనకి రుచి చూపించా, రెండో రోజు నుంచి సీసా ఆయన దగ్గరే ఉంది.

టిప్పులు చివరి రోజు ఇవ్వడం అలవాటు. సిబ్బంది అందరికీ కలిపి డబ్బా ఉంటుంది, గైడ్ కి, స్కౌట్ కి విడిగా చేతికి ఇవ్వండి. టీ మోసినాయన్ని మర్చిపోతారు చాలామంది.

స్టెప్ 10: ఇంటికొచ్చాక

మాత్రలు ఆపకండి, ట్రిప్ అయిపోయిందని మూడో రోజే మానేసేవాళ్ళని చూశా. యెల్లో ఫీవర్ కార్డు పాస్ పోర్ట్ లోనే పెట్టి ఉంచండి, చెక్ ఇన్ లగేజీలో కాదు. వచ్చాక కొన్ని నెలలదాకా ఎప్పుడు జ్వరం వచ్చినా, మామూలు వైరల్ అనిపించినా సరే, అదే రోజు రక్తపరీక్షకి వెళ్ళండి, డాక్టర్ అడిగేదాకా ఆగకుండా "ఫలానా నెలలో జాంబియా వెళ్ళొచ్చా" అని మీరే మొదట చెప్పండి, ఆయన వర్షాకాలం జ్వరమనుకుని డెంగీ టెస్టు మాత్రమే రాసి పంపించెయ్యకుండా.